చార్లెస్ డూలిటిల్ వాల్కాట్

చార్లెస్ డూలిటిల్ వాల్కాట్ (మార్చి 31, 1850 - ఫిబ్రవరి 9, 1927) సుప్రసిద్ధ అమెరికా పురాజీవ శాస్త్రవేత్త. కెనడాలోని బర్జెస్ షేల్ శిలాజములను వెలికితీసినవాడు ఇతడే. రొయ్యగా భ్రమింపజేసిన అనోమలోకారిస్ అనే ప్రాచీన సముద్రజీవి కథలో ఈయనకు ముఖ్యమైన స్థానమున్నది.

జీవితము

వాల్కాట్ న్యూయార్క్ రాష్ట్రములోని న్యూయార్క్ మిల్స్‌లో జన్మించాడు. పసితనములోనే తండ్రిని కోల్పోయాడు. 18వ ఏట చదువు మానివేశాడు. కళాశాలలో చదివి పట్టా పుచ్చుకొన్నవాడు కాడు. విలియం రస్ట్ అనే రైతు పొలములో పనిచేస్తూ, తీరిక వేళల్లో ట్రైలోబైట్ శిలాజములను సేకరించేవాడు. 1873లో ఆ సేకరణను హార్వర్డ్ మ్యూజియం కొరకు లూయీ అగస్సీ కొనుగోలు చేశాడు. తరువాత రాళ్ళను పలుచని పొరలుగా కోసి పరిశీలించి, ట్రైలోబైట్లకు కాళ్ళు ఉండేవని నిరూపించాడు. 1879లో అమెరికా భూగర్భ సర్వేలో చేరి 1894లో దాని అధిపతి అయ్యాడు. 1907 నుండి మరణించేవరకు స్మిత్సోనియన్ సంస్థ కార్యదర్శిగా ఉన్నాడు.

బర్జెస్ షేల్

1909 ఆగస్టు చివరిలో బ్రిటిష్ కొలంబియాలోని ఫీల్డ్ పట్టణమునకు పైనున్న కొండపై సుమారు 50 కోట్ల సంవత్సరాల నాటి శిలాజములు ఈయన కంటబడ్డాయి. భార్య గుర్రము కాలు జారి రాతిపలకను దొర్లించినదని ఒక కథ ప్రచారములో ఉన్నది గాని, ఆయన దినచర్య పుస్తకము దానిని బలపరచదు. 1924 వరకు పలుమార్లు అక్కడికి వెళ్ళి సుమారు 65,000 నమూనాలు సేకరించాడు. మెత్తని శరీరభాగములు కూడా రాతిలో నిలిచియుండుట వీటి విశేషము.

రొయ్య కాని రొయ్య

అంతకుముందే, 1892లో, జోసెఫ్ వైటీవ్స్ దగ్గరి స్టీఫెన్ పర్వతముపై దొరికిన ఒక శిలాజమును తల లేని రొయ్య దేహముగా భావించి అనోమలోకారిస్ (అసాధారణమైన రొయ్య) అని పేరు పెట్టాడు. 1911లో వాల్కాట్ అనాసపండు చక్రము వంటి మరొక శిలాజమును జెల్లీచేపగా తలచి పేటోయా అన్నాడు. ఇంకొకదానిని సముద్ర దోసకాయల జాతిలో చేర్చి లగ్గానియా అన్నాడు. 1985లో విట్టింగ్టన్, బ్రిగ్స్ అనే శాస్త్రవేత్తలు రొయ్య అనుకొన్నది ఒక పెద్ద వేటజీవి ముందు అవయవమని, జెల్లీచేప అనుకొన్నది అటువంటి జీవి నోరని, సముద్ర దోసకాయ అనుకొన్నది దాని మొండెమని తేల్చారు.

ఈ పొరపాటుకు వాల్కాట్‌ను తప్పుపట్టినవారున్నారు. అయితే కార్యాలయ భారము వలన ఆయనకు ఈ నమూనాలను తీరికగా పరిశీలించే అవకాశము చిక్కలేదు. పైగా 1911లోనే భార్య హెలెనా రైలు ప్రమాదములో మరణించినది. 1913లో ఒక కుమారుడు గతించాడు. విమానచోదకుడైన మరొక కుమారుడు 1917లో ఫ్రాన్స్‌లో యుద్ధములో హతుడయ్యాడు. 1914లో మేరీ వాక్స్‌ను వివాహమాడగా, ఆమె కూడా కొండలపై త్రవ్వకాలకు వెంట వెళ్ళేది.

వాల్కాట్ వాషింగ్టన్‌లో మరణించాడు. ఆయన సేకరణ స్మిత్సోనియన్ వారి ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఉన్నది.