భద్రాచల రామదాసు

శ్రీరామనవమి పందిరి వేసిన తెలుగు పల్లెలో రామదాసు కీర్తనము వినబడకుండుట అరుదు. ఆ కీర్తనములలో పెక్కింటికి పుట్టినిల్లు చెఱసాల యని ప్రతీతి. సంగారెడ్డి నుండి పటాన్‌చెరువు మీదుగా హైదరాబాదునకు పోవువారికి గోలకొండ దూరమైన తావు కాదు. ఆ కోటలోని యొక చీకటి గదిని నేటికిని రామదాసు బందిఖానా యని చూపుచుందురు.

రామదాసు అసలు పేరు కంచెర్ల గోపన్న. 17వ శతాబ్దివాడు. ఖమ్మము ప్రాంతమందలి నేలకొండపల్లి ఇతని జన్మస్థలము. తండ్రి లింగన్న, తల్లి కామాంబ. గోలకొండ సింహాసనమును 1672లో అధిష్ఠించిన అబుల్ హసన్ తానీషా కొలువున అక్కన్న, మాదన్న యను సోదరులు గొప్ప అధికారము నెఱపిరి. గోపన్న వారికి బంధువు. వారి ప్రాపున పాల్వంచ పరగణాకు తహసీల్దారయ్యెను. శిస్తు వసూలు చేసి ఖజానాకు చేర్చుట అతని విధి.

గోదావరి యొడ్డునున్న భద్రాచలము ఆ పరగణాలోనిదే. పోకల దమ్మక్క యను భక్తురాలు అచ్చట రామవిగ్రహములను కనుగొని, పందిరి వేసి, పండ్లు నివేదించుచుండెనని స్థలపురాణము. గుడిలేని దేవుని చూచి గోపన్న మనసు కరగెను. ఆలయము కట్టించెను, ప్రాకారము లేపెను, సీతారామలక్ష్మణులకు నగలు చేయించెను. అందులకు ఖజానాకు చేరవలసిన ధనమును వెచ్చించెను. అది ఆరు లక్షల వరహాలని లోకవాడుక. సుల్తాను అనుమతిని మాత్రము పొందలేదు.

ఇచ్చట న్యాయము రెండువైపుల నుండియు చూడదగినది. గోపన్న ఆ సొమ్ములో తనకై కాసైనను దాచుకొనలేదు. అయినను అది రైతులు చెమటోడ్చి కట్టిన శిస్తు; దానికి లెక్క అడుగుట ప్రభువునకు చెల్లును. లెక్క అప్పగింపలేని ఉద్యోగిని తానీషా చెఱలో వేయించెను. ఆ చెఱ పండ్రెండేండ్లు సాగెనని చెప్పుదురు.

ఆ బాధలోనుండియే కీర్తనములు వెలువడినవి. వానియందు తహసీల్దారు మాట స్పష్టముగా వినవచ్చును. ఒక కీర్తనములో ఏ దేవునికి ఏ నగ చేయించెనో, దానికెంత సొమ్ము పట్టెనో వరుసగా లెక్క చెప్పి, ఎవరి సొమ్మని కులుకుచున్నావని రాముని నిలదీయును. అంతలోనే, దెబ్బలకు తాళలేక తిట్టితిని, కోపింపవలదని వేడుకొనును. మఱియొక కీర్తనములో తన మొర రామునికి విన్నవింపుమని సీతమ్మను బతిమాలుకొనును. ఆనందభైరవి రాగమందలి యొక కీర్తనములో దేవుడు పలుకకుండుటయే అతనికి దెబ్బలకన్న మిన్నయైన బాధ. ఇంటిలోని పెద్దతో పోట్లాడినట్లు దేవునితో పోట్లాడుట ఈ కవి సొత్తు. దాశరథీ శతకమును ఇతని రచనయే.

రామలక్ష్మణులు సేవకుల వేషమున వచ్చి, తానీషాకు పైకము చెల్లించి, రసీదు పుచ్చుకొని భక్తుని విడిపించిరని ప్రజల విశ్వాసము. కబీరు ఇతనికి మంత్రోపదేశము చేసెనను కథయు కలదు. కాని కబీరు 15వ శతాబ్దివాడగుటచే అది కాలమునకు పొసగదు. చరిత్ర చెప్పునది వేఱొకటి. అక్కన్న మాదన్నలు 1686లో హత్య గావింపబడిరి. 1687లో ఔరంగజేబు గోలకొండను జయించెను. రామదాసును బంధించిన తానీషాయే బందీయై, దౌలతాబాదు కోటలో జీవితము ముగించెను. అయినను భద్రాచల ప్రజలు అతనిని ద్వేషింపలేదు. సీతారామ కల్యాణమునకు ప్రభుత్వము నేటికిని పంపుచున్న ముత్యాల తలంబ్రాలను అతడు నెలకొల్పిన ఆచారముగనే తలంతురు.

ఐరోపాలో దైవసంగీతమునకు పేరెన్నికగన్న బాఖ్ 1685లో జర్మనీలో జన్మించెను. అతడును 1717లో, కొలువు విడిచిపోవుటకు పట్టుపట్టి, ప్రభువు ఆగ్రహమునకు గురియై, ఇంచుమించు నాలుగు వారములు చెఱలో నుండెను. బాఖ్ రచనలు స్వరములతో కాగితముపై నిలిచినవి. రామదాసు కీర్తనములకు ఆ భాగ్యము కలుగలేదు. అతడు పాడిన బాణీ యెట్టిదో వ్రాసి యుంచినవారు లేరు. భజనపరులే వానికి పుస్తకమైరి. ఒకడు చరణ మందుకొనగా పదిమంది పల్లవి పట్టుదురు. చిడుతలు తాళము వేయును. పల్లవి చిన్నది, నడక సులభము, మాటలు ఇంటివి. అందుచే చదువురానివారికిని అవి కంఠస్థమైనవి.

త్యాగరాజస్వామి (1767–1847) తన కీర్తనములో రామదాసు బంధవిముక్తిని స్మరించెను. మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) ఈ కీర్తనములను కచేరీలకును రేడియోకును తెచ్చి దేశమంతట వినిపించెను. గోపన్న ఖజానాకు పడిన బాకీ గోలకొండ రాజ్యముతోనే అంతరించినది. ఆ బాకీ మూలమున పుట్టిన పాటలను మాత్రము భజనపరులు తరతరములుగా బిడ్డల కప్పగించుచున్నారు.