మునివేళ్లపై నిలిచిన పావ్లోవా

రష్యా బ్యాలే నర్తకి అన్నా పావ్లోవా 1881లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, బట్టలుతికి పొట్టపోసుకునే తల్లికి జన్మించారు. మునివేళ్ల కొసలపై నిలిచి ఆడే ఈ నాట్యానికి ఆమె సన్నని చీలమండలు, మరీ వంపు తిరిగిన పాదాలు అడ్డమయ్యాయి. అయినా 1906లో ప్రధాన నర్తకి అయ్యారు.

అంత పేరు వచ్చాక కూడా ఇటలీ గురువు ఎన్రికో చెకెట్టి వద్ద శిష్యురాలిగా చేరారు. గోడ వెంబడి ఉండే కొయ్యకమ్మీ పట్టుకుని, మోకాళ్లు వంచడం, మడమలెత్తడం వంటి తొలి పాఠాలు తిరిగి దిద్దుకున్నారు. బూట్ల అడుగున గట్టి తోలు వేయించుకున్నారు.

ఆమె ప్రోత్సాహంతో మద్రాసులోని రుక్మిణీదేవి అరండేల్ వివాహానంతరం నాట్యం వైపు మళ్లారు.

1931 జనవరి 23న, యాభయ్యేళ్లు నిండడానికి మూడు వారాల ముందు, పర్యటనలో ఉండగానే హాలండ్‌లోని హేగ్‌లో పావ్లోవా కన్నుమూశారు. చివరిదాకా ఆమె కమ్మీ సాధన మానలేదు.