వెర్నర్ ఫాన్ బ్రౌన్: నిన్న శత్రువు, నేడు హీరో

1969లో మనిషిని చంద్రుడి దాకా మోసుకెళ్లిన శాటర్న్-5 రాకెట్ తయారీకి సారథి వెర్నర్ ఫాన్ బ్రౌన్. అంతకు పాతికేళ్ల ముందు ఈయన హిట్లర్ సైన్యానికి రాకెట్లు చేసిపెట్టారు.

1912లో అప్పటి జర్మనీలో పుట్టిన బ్రౌన్‌కు చిన్నప్పటి నుంచీ అంతరిక్షం పిచ్చి. ప్రయోగాలకు కావాల్సిన డబ్బు సైన్యం ఇచ్చింది. బాల్టిక్ తీరంలోని పీనెముండేలో ఆయన బృందం వీ-2 క్షిపణిని రూపొందించింది. నాజీ పార్టీతో పాటు ఎస్ఎస్ దళంలోనూ ఆయన సభ్యుడే.

1944 సెప్టెంబర్ నుంచి వీ-2లు లండన్‌పై పడ్డాయి. వాటిని సొరంగాల్లో తయారుచేసింది డోరా శిబిరం ఖైదీలు. ఆకలితో, జబ్బులతో, దెబ్బలతో వేల మంది అక్కడే చనిపోయారు. క్షిపణి దాడుల్లో పోయిన ప్రాణాల కంటే ఇవే ఎక్కువ అంటారు చరిత్రకారులు. బ్రౌన్ ఆ ఫ్యాక్టరీకి చాలాసార్లు వెళ్లారు. అక్కడి పరిస్థితి ఆయనకు తెలుసు.

1945 మేలో ఆయన అమెరికా సైన్యానికి లొంగిపోయారు. విచారణ జరగలేదు సరికదా, టెక్సాస్ తీసుకెళ్లి పని ఇచ్చారు. అటు సోవియట్ యూనియన్ కూడా జర్మన్ నిపుణులను పట్టుకుపోయింది. 1955లో ఆయనకు అమెరికా పౌరసత్వం వచ్చింది. 1958లో ఆ దేశపు తొలి ఉపగ్రహాన్ని మోసింది ఆయన బృందం రాకెట్టే. 1977లో క్యాన్సర్‌తో కన్నుమూశారు.

ఆయన ఇల్మ్‌ను కాదనలేం. అయితే అవసరం పడిందని రెండు దేశాలూ పాత ఖాతా మూసేశాయి. డోరాలో పోయిన ప్రాణాల హిసాబ్ మాత్రం అలాగే ఉండిపోయింది.