విజ్ఞాపనతో వెలసిన విశ్వవిద్యాలయం: సర్ అక్బర్ హైదరీ

ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల భవనాన్ని చూచి ముచ్చటపడే మనం, ఆ విశ్వవిద్యాలయానికి మూలమైన విజ్ఞాపన పత్రాన్ని తలచుకోవడం అరుదు. దానిని సమర్పించిన సర్ అక్బర్ హైదరీ 1869లో బొంబాయిలో జన్మించారు. వృత్తిచేత ఆయన విద్యావేత్త కారు, లెక్కల మనిషి. భారత ప్రభుత్వ ఆర్థిక శాఖలో పనిచేసి, 1905లో అకౌంటెంట్ జనరల్‌గా హైదరాబాదుకు వచ్చారు. పిమ్మట హోం కార్యదర్శి అయ్యారు.

ఆ కాలంలో ఇక్కడి నిజాం కళాశాల మదరాసు విశ్వవిద్యాలయానికి అనుబంధమై ఉండేది. పాఠ్యప్రణాళిక అక్కడిది, పరీక్షలు అక్కడివి, బోధన ఆంగ్లంలో. 1917లో హైదరీ ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు విజ్ఞాపన సమర్పించారు. అందలి నేర్పు గమనింపదగినది. ముందుగా ఆయన వరమేమీ కోరలేదు, ఉన్న లోపాన్ని చూపారు. పరభాషలో చదివే విద్యార్థి శక్తి అంతా కంఠస్థం చేయడానికే వ్యయమై స్వతంత్రాలోచన నశిస్తున్నదనీ, చదువుకున్నవారికీ సామాన్య ప్రజలకూ నడుమ అగాధం ఏర్పడుతున్నదనీ వివరించారు. రాజభాషయైన ఉర్దూలోనే ఉన్నత విద్య బోధించాలన్నారు. ఆంగ్లం అడుగంటిపోవునన్న భయానికి తావులేకుండా దానిని నిర్బంధ పాఠ్యాంశంగా ఉంచారు. ఆక్షేపణ పుట్టకముందే సమాధానం సిద్ధం! లెక్కల శాఖలో అలవడిన జాగ్రత్త ఇదేనేమో అనిపిస్తుంది మాకు.

1917 ఏప్రిల్ 26న ఫర్మానా వెలువడింది. పాఠ్యగ్రంథాల కొరత తీర్చడానికి ఆ ఏడే అనువాద శాఖ ఏర్పడింది. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి సారథ్యం వహించారు. 1919లో తరగతులు ఆరంభమయ్యాయి.

అయితే ఒక మాట దాచరాదు. సంస్థాన ప్రజలలో సగానికి దగ్గరగా తెలుగువారే. మరాఠీ, కన్నడ భాషల వారూ ఎందరో. పరభాషా భారం గురించి హైదరీ చేసిన వాదం వారి బిడ్డలకూ వర్తించేదే. ఆ బిడ్డలకు మాత్రం ఆంగ్లం పోయి ఉర్దూ వచ్చింది. రెండు భాషల నీడన చదువుకునే మనకు ఆ వాదం బలమూ, ఆ వెలితీ ఒక్కసారే కనిపిస్తాయి.

హైదరీ 1937 నుండి 1941 వరకు ప్రధానమంత్రిగా ఉండి, పిమ్మట వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో చేరి, 1942 జనవరిలో ఢిల్లీలో మరణించారు. 1948లో సంస్థానం భారత యూనియన్‌లో కలిసిన అనంతరం ఉస్మానియాలో ఉర్దూ స్థానంలో ఆంగ్లం తిరిగి వచ్చింది.