రెండుసార్లు రాసిన పుస్తకం



వార్షికోత్సవ సంచికకు ఒక ప్రముఖుని జీవితం గురించి రాయమని మమ్మల్ని అడిగారు. అంబేద్కర్, ఫూలే, అబ్దుల్ కలాం గార్ల గురించి ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుకని ఈసారి మేము మీలో చాలామందికి పరిచయం లేని మనిషిని ఎంచుకున్నాం. ఆయన రాజూ కాదు, శాస్త్రవేత్తా కాదు. బ్యాంకులో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు దొరికితే కొండలెక్కినవాడు. పేరు విలియం హచిసన్ ముర్రే. స్కాట్లాండ్‌లో కొండలెక్కేవారికి ఆ పేరు తెలియకుండా ఉండదు.

ముందు ఆ దేశం గురించి నాలుగు మాటలు. స్కాట్లాండ్ బ్రిటన్ దీవికి ఉత్తర భాగం. అక్కడి ఎత్తైన శిఖరం బెన్ నెవిస్, 1345 మీటర్లు. మన తూర్పు కనుమల్లోని పెద్ద శిఖరాలే 1600 మీటర్లు దాటుతాయి కదా, ఇదేం గొప్ప అనిపించవచ్చు. మాకూ మొదట అలాగే అనిపించింది. అయితే ఆ దేశం చాలా ఉత్తరాన, సముద్రపు గాలికి ఎదురుగా ఉంది. బెన్ నెవిస్ మీద ఏడాదికి 4000 మిల్లీమీటర్లకు పైగా వాన, మంచు కురుస్తాయి. మన హైదరాబాద్ వర్షపాతానికి ఇది సుమారు అయిదు రెట్లు. ఎప్పుడు మబ్బు కమ్ముతుందో, ఎప్పుడు గాలి లేస్తుందో చెప్పలేం. చలికాలంలో కొండ చీలికల్లో నీరంతా గడ్డకట్టి నిలువు మంచుగోడలా మారుతుంది. అక్కడ 3000 అడుగులు దాటిన శిఖరాలు 282 ఉన్నాయి. 1891లో మొదటిసారి వాటి జాబితా ప్రచురించిన హ్యూ మన్రో పేరుతో వాటిని మన్రోలు అంటారు. వాటన్నిటినీ ఎక్కి పూర్తి చేయడం ఎంతోమందికి జీవితకాలపు కోరిక.

ముర్రే 1913 మార్చి 18న ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు స్కాట్లాండ్ వారు. రెండేళ్ళకే, 1915లో, తండ్రి గాలిపోలి యుద్ధంలో చనిపోయాడు. తల్లి పిల్లలతో గ్లాస్గో నగరానికి వచ్చేసింది. తండ్రి ముఖం కూడా గుర్తులేని ఆ పిల్లవాడు చదువుకుని యూనియన్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్‌లో చేరాడు. ఆయన మనంత పేదవాడని మేము చెప్పడం లేదు. లేనిది కల్పించి చెబితే మీరు నమ్మినా మాకు తృప్తి ఉండదు.

1930ల మధ్యలో ఒకరోజు, ఎవరో ఒక కొండ యాత్ర గురించి, మబ్బులు విడి శిఖరాలు కనబడిన తీరు గురించి చెబుతుంటే విన్నాడు. అంతే, ఎవరి సాయమూ లేకుండా గ్లాస్గోకు దగ్గర్లోని కాబ్లర్ అనే కొండ ఎక్కాడు. ఆ రోజు పట్టుకున్న కొండ పిచ్చి చివరిదాకా వదల్లేదు. తర్వాత ఒక పర్వతారోహణ సంఘంలో చేరి బిల్ మెకెంజీ, ఆర్చీ మకాల్‌పైన్, కెనెత్ డన్ అనే స్నేహితులను సంపాదించుకున్నాడు.

ఆ రోజుల్లో గ్లాస్గో చుట్టుపక్కల నిరుద్యోగం తాండవిస్తోంది. క్లైడ్‌బ్యాంక్ ఓడల కర్మాగారపు కార్మికులు 1930లో క్రే డూ అనే సంఘం పెట్టుకుని వారాంతాల్లో కొండలకు పోయేవారు. అంతకుముందు కొండలెక్కడం ఎక్కువగా డాక్టర్లు, ప్రొఫెసర్లు, లాయర్లు చేసే పని. కూలివాళ్ళు కూడా ఆ రాతిగోడల మీద చేయి వేయడం ఆ కాలంలోనే బలపడింది. ఈ సంగతి చదివినప్పుడు మాకు చాలా సంతోషం కలిగింది.

అప్పటి పరికరాలు వింటే ఆశ్చర్యం వేస్తుంది. అడుగున మేకులు కొట్టిన బూట్లు, తడిస్తే బరువెక్కి బిగుసుకుపోయే నార తాడు, ఒక మంచు గొడ్డలి. ఇప్పటి నైలాన్ తాళ్ళు, నడుముకు కట్టే పట్టీలు లేవు. మంచుగోడలో గొడ్డలితో ఒక్కొక్క మెట్టూ చెక్కుకుంటూ గంటల తరబడి ఎక్కాలి. పొడవాటి గొడ్డలి ఇరుకు చీలికల్లో తిరగదు. అందుకని ముర్రే బృందం ఇళ్ళ కప్పులకు రాతి పలకలు వేసే పనివాళ్ళ పొట్టి సుత్తిని తీసుకుని, దానితో మంచు చెక్కడం అలవాటు చేసుకుంది. 1938 మే నెలలో ముర్రే, మకాల్‌పైన్, డన్, ఇంకో మిత్రుడు కలిసి గ్లెన్‌కో లోయలోని క్లాచేగ్ గల్లీని మొదటిసారి పూర్తిగా ఎక్కారు. అది జలపాతాలతో నిండిన పెద్ద కొండ చీలిక. అంతకుముందు ఎన్నో బృందాలు ప్రయత్నించి వెనక్కి తిరిగాయి.

ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ముర్రే సైన్యంలో అధికారిగా ఉత్తర ఆఫ్రికా ఎడారికి వెళ్ళాడు. 1942 జూన్‌లో శత్రువుల ట్యాంకులు చుట్టుముట్టాయి. పట్టుబడేముందు, శత్రువుల చేతికి ఏ కాగితమూ చిక్కకూడదని తన చిరునామాల పుస్తకం తీశాడు. చూస్తే అందులో ఉన్నవన్నీ దాదాపుగా కొండలెక్కే మిత్రుల పేర్లే. ఎడారి రాత్రి చలిలో తనను పట్టుకున్న జర్మన్ అధికారి కూడా కొండలెక్కేవాడేనని మాటల్లో తెలిసింది. శత్రువులైన ఆ ఇద్దరూ కాసేపు కొండల గురించి మాట్లాడుకున్నారు. ఆ అధికారి ఆయనకు తినడానికీ, తాగడానికీ పెట్టాడు.

తర్వాత మూడేళ్ళు చెరలో గడిచాయి. మొదట ఇటలీలో కియేటి శిబిరం, తర్వాత చెక్ ప్రాంతంలో, జర్మనీలో. కియేటిలో ముర్రే తాను ఎక్కిన స్కాట్లాండ్ కొండల గురించి పుస్తకం రాయడం మొదలుపెట్టాడు. డైరీ లేదు, మ్యాపు లేదు, చూసి రాసుకోవడానికి ఒక్క పుస్తకమూ లేదు. రాయడానికి దొరికింది మరుగుదొడ్డి కాగితం. జ్ఞాపకమే ఆధారంగా ఒక్కొక్క కొండనూ మనసులో మళ్ళీ ఎక్కుతూ రాశాడు. శిబిరం మారినప్పుడు ఆ రాతప్రతిని వెంట తెచ్చుకున్నాడు. కానీ ఒక తనిఖీలో అది గెస్టపో అనే రహస్య పోలీసుల చేతికి చిక్కింది. వాళ్ళు దాన్ని లాక్కున్నారు. మళ్ళీ తిరిగి రాలేదు.

మనమైతే ఏం చేసేవాళ్ళం? ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పాలి. మేము ఇంటర్ చదివే రోజుల్లో ఒక వానాకాలం రాత్రి మేమున్న గది కప్పు కారి, ట్రంకు పెట్టెలో నీళ్ళు చేరి, పరీక్షలకు ముందు నోట్సులన్నీ ముద్దయిపోయాయి. మా ఇంట్లో అంతకుముందు పదో తరగతి దాటినవాళ్ళు లేరు. ఇంటికి వచ్చేస్తానని ఫోన్ చేస్తే నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి పంట ఒకసారి కొట్టుకుపోతే మళ్ళీ విత్తనాలు చల్లడం లేదా అని మాత్రం అన్నాడు. పక్కగది మిత్రుల నోట్సు తెచ్చుకుని ఇరవై రోజులు రాశాం. రాస్తుంటే, మొదటిసారి అర్థం కాకుండా ఎక్కించుకున్నవి ఎన్నో అప్పుడు అర్థమయ్యాయి.

ముర్రే కూడా మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. అప్పటికి శిబిరంలో తిండి బాగా తగ్గిపోయింది. ఒళ్ళు ఎముకల గూడైంది. బతికి బయటపడినా ఇక కొండలెక్కే బలం రాదనే అనుకున్నాడు. అయినా రెండోసారి రాసింది మొదటిదానికన్నా బాగా వచ్చిందని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. 1945లో అమెరికా సైన్యం వచ్చి ఖైదీలను విడిపించింది. 1947లో ఆ పుస్తకం స్కాట్లాండ్ పర్వతారోహణ అనే అర్థం వచ్చే పేరుతో వెలువడింది. అది చదివి యుద్ధానంతరం ఒక తరమే మంచుకొండల దారి పట్టింది.

అదే ఏడాది ఆల్ప్స్ పర్వతాల్లో జరిగిన ప్రమాదంలో ఆయన సహచరుడు జాన్ బార్‌ఫర్డ్ మరణించాడు. ముర్రే తలకు పెద్ద గాయమైంది. కోలుకుని 1950లో మన దేశానికి వచ్చాడు. డగ్లస్ స్కాట్, టామ్ వీర్, టామ్ మెకినన్‌లతో కలిసి గఢ్వాల్, కుమావూ హిమాలయాల్లో తిరిగి, ఆరువేల మీటర్లు దాటిన ఉజా తిర్చే శిఖరం ఎక్కాడు. వారి సామానంతా మోసింది కూలీలు. చరిత్రలో శిఖరం ఎక్కినవారి పేర్లుంటాయి, మోసినవారి పేర్లు చాలావరకు ఉండవు. మన అమ్మానాన్నలు మోస్తున్నదీ అలాంటి బరువే కాబట్టి ఈ మాట రాస్తున్నాం.

ఆ యాత్ర మీద ఆయన రాసిన పుస్తకంలో, ఒక పనికి పూర్తిగా కట్టుబడి మొదలుపెట్టడం గురించి ఒక పేరా ఉంది. దాన్ని జర్మన్ కవి గోథే రాసినట్టు పోస్టర్ల మీద ఎందరో అచ్చువేసుకున్నారు. నిజానికి చివర జోడించిన పంక్తులు తప్ప మిగతాది ముర్రేదే. గోడ మీద అతికించే మంచి మాట కింద పేరు సరిగా ఉందో లేదో ఒకసారి చూసుకోవాలని దీన్నిబట్టి మేము నేర్చుకున్నాం.

1951లో ఎవరెస్టుకు నేపాల్ వైపు దారి వెదకడానికి ఎరిక్ షిప్టన్ నాయకత్వంలో వెళ్ళిన బృందంలో ముర్రే ఉన్నాడు. వారు చూసిన దారిలోనే 1953లో హిల్లరీ, టెన్సింగ్ శిఖరం చేరారు. బాగా ఎత్తుకు పోతే ఒంటికి పడకపోవడంతో ముర్రే ఆ బృందంలో లేడు.

తర్వాతి జీవితం ఆయన కొండలను కాపాడడానికి ఇచ్చాడు. నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్ కోసం కొండ ప్రాంతాలన్నీ తిరిగి నివేదిక రాశాడు. గ్లెన్ నెవిస్ లోయలో విద్యుత్తు కోసం ఆనకట్ట కట్టే ప్రతిపాదనను వ్యతిరేకించాడు. అది ఆగింది. 1996 మార్చి 19న, 83వ పుట్టినరోజు మర్నాడు, కన్నుమూశాడు. 2003లో వచ్చిన చట్టంతో స్కాట్లాండ్ కొండల్లో బాధ్యతగా తిరిగే హక్కు అందరికీ దక్కింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! కొండలెక్కడం మనకు సంబంధం లేని విషయం అనుకోకండి. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. వారి తొలి శిక్షణ మన భువనగిరి బండ మీదే. వారెక్కింది టిబెట్ వైపు దారి. ముర్రే వెదికిన దారి వేరు. శిఖరం ఒక్కటే.

ఈ ఏడాది తప్పినవారు, ర్యాంకు రానివారు, ఇంటి పరిస్థితి వల్ల చదువు ఆపుదామా అని ఆలోచిస్తున్నవారు మీలో ఉంటారని మాకు తెలుసు. రాసినది పోవచ్చు, రాసిన చేయి మాత్రం మన దగ్గరే ఉంటుంది. జూన్‌లో హాస్టల్ తెరిచేసరికి మీరంతా పెట్టెలతో తిరిగి రావాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాం.