బుర్రకథా పితామహుడు షేక్ నాజర్

అమెరికా పల్లెపాటల చరిత్రను కెన్ బర్న్స్ అనే దర్శకుడు 2019లో ఎనిమిది భాగాల టెలివిజన్ చిత్రమాలికగా తీశారు. తెల్లజాతి రైతుల సొత్తుగా లోకం భావించిన ఆ సంగీతంలోని బాంజో వాద్యం, బానిసలుగా కొనిపోబడిన ఆఫ్రికావాసుల నుండి వచ్చినదని అందులో చెప్పబడింది. వాద్యానికి కులమతాలు లేవన్న మాటకు సాక్ష్యం వెదుకుతూ మనం సముద్రాలు దాటనక్కరలేదు. జంగాల భుజం మీది తంబురాను అందుకొని, ఆంధ్రదేశాన్ని ఉర్రూతలూగించిన షేక్ నాజర్ గారి జీవితమే చాలును.

నాజర్ గారు 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో నిరుపేద దూదేకుల కుటుంబంలో జన్మించారు. తల్లి బీనాబీ, తండ్రి మస్తాన్. బాల్యంలోనే నాటకాలలో వేషాలు కట్టారు. నరసరావుపేటలో సంగీతం అభ్యసించారు.

జంగం కథ ఒకప్పుడు భిక్షాటనకు తోడైన విద్య. కథకుడు తంబురా మీటుతూ, బొటనవ్రేలి అందెలు మ్రోగిస్తూ, అడుగులు వేస్తూ కథ నడుపుతాడు. ఇరువైపులా గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. ఈ రాజకీయపు వంత ఆధునిక కాలపు చేర్పు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఈ కళను ఉద్యమానికి ఆయుధంగా మలచుకొన్నది. ఆ సంస్థకు సారథి, రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ గరికపాటి రాజారావు గారు. నాజర్ గారి గొంతుకు తగిన వేదిక అక్కడ లభించింది. బెంగాలు కరవును కథగా చెప్పి శ్రోతలను కంటతడి పెట్టించారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం ఆయన నోట మారుమ్రోగాయి. బ్రహ్మనాయుని కథను ఒక ముస్లిం చెప్పుట వింతగా తోచినవారు మొదట ఉండవచ్చు. కథ మొదలైన పిదప ఆ వింత ఎంతసేపు నిలిచిందన్నది ఆయనకు లభించిన ఆదరణే చెప్పుతున్నది.

మన గోదావరి వారికి ఆయన మరింత ఆత్మీయులు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడి జరిపి, 1924 మే 7న కొయ్యూరులో అసువులు బాసిన అల్లూరి సీతారామరాజు గాథను ఆయన బుర్రకథగా రచించి, ఆడి పాడారు. 1954 నాటి అగ్గిరాముడు చిత్రంలో ఆ కథను ఆయన చేతనే చెప్పించారు. కృష్ణ గారి సీతారామరాజు తెరకెక్కినది ఆ తరువాత ఇరువదియేండ్లకు! పల్లె ప్రదర్శనలు రాత్రితోనే గాలిలో కలిసిపోయే కాలంలో, ఆయన ఆట కొంతైనా ఫిల్ముపై నిలిచిపోవడం మన భాగ్యం.

పార్టీపై నిర్బంధం వచ్చిన రోజులలో దళాలు చెదరిపోయాయి. కీర్తి వచ్చినంతగా సంపద రాలేదు. 1986లో భారత ప్రభుత్వం పద్మశ్రీతో సత్కరించింది. 1997 ఫిబ్రవరి 22న కన్నుమూశారు.

ఆయన జీవితకథను అంగడాల వెంకటరమణమూర్తి గారు గ్రంథస్థం చేశారు. దూదిని ఏకే వృత్తికి పేరైన ఒక మాట తెలుగునాట తిట్టుగా మారింది. బిరుదులెన్నో ఉండగా, ఆ పుస్తకానికి పెట్టిన పేరు ఆ మాటే: పింజారి.