డాక్టర్ బెతూన్ - ఒక చిన్న గాయం

డాక్టర్ నార్మన్ బెతూన్ పేరు వరంగల్ విద్యార్థులకు కొత్తది కాదు. ఆయన త్యాగం గురించి ఉపన్యాసాలు విన్నాం. ఐతే ఆయన దేనివల్ల చనిపోయాడని అడిగితే, చాలామంది తుపాకీ గుండు వల్ల అనుకుంటారు. కాదు, వేలి మీద తెగిన ఒక చిన్న గాయం వల్ల.

బెతూన్ 1890 మార్చిలో కెనడాలోని గ్రేవెన్‌హర్స్ట్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తాత సర్జను, తండ్రి చర్చి పాస్టరు. మొదటి ప్రపంచ యుద్ధంలో చదువు మధ్యలో ఆపి, స్ట్రెచర్లు మోయడానికి వెళ్ళి గాయపడ్డాడు. 1916లో టొరాంటోలో డాక్టరు పట్టా పుచ్చుకున్నాడు. 1926లో క్షయ పట్టుకుంది. అప్పటికి అరుదైన చికిత్సను పట్టుబట్టి చేయించుకొని బతికి బయటపడ్డాడు. తర్వాత మాంట్రియల్‌లో ఛాతీ సర్జనుగా పేరు తెచ్చుకున్నాడు. ఉన్న పనిముట్లు నచ్చక కొత్తవి తానే తయారు చేయించాడు. పక్కటెముకలు కోసే ఒక కత్తెరకు ఆయన పేరే నిలిచింది. పదును సంగతి ఆయనకు ఒకరు చెప్పవలసిన పని లేదన్నమాట.

క్షయ పేదవాళ్ళకే ఎందుకెక్కువ వస్తుందని ఆలోచిస్తూ కమ్యూనిస్టు అయ్యాడు. 1936లో స్పెయిన్ వెళ్ళి, రక్తాన్ని సీసాల్లో యుద్ధరంగం దాకా చేర్చే ఏర్పాటు చేశాడు. 1938లో చైనా చేరాడు. 1939లో ఒక పోరులో 69 గంటల్లో 115 ఆపరేషన్లు చేశాడు.

అక్కడ మందులు చాలవు, రబ్బరు గ్లవుజులు లేవు. గ్లవుజులు అప్పటికి కొత్త వస్తువేం కాదు. బెతూన్ పుట్టిన రోజుల్లోనే అమెరికాలో హాల్‌స్టెడ్ అనే సర్జను, మందునీళ్ళకు తన నర్సు చేతులు పాడవుతున్నాయని వాటిని చేయించాడు. యాభై ఏళ్ళైనా అవి ఆ కొండలకు చాలినన్ని చేరలేదు. 1939 అక్టోబరు చివర, శత్రువు దగ్గరపడుతుంటే తొందరగా ఆపరేషన్ చేస్తూ ఎడమచేతి వేలు కోసుకున్నాడు. లెక్కచేయలేదు. అదే చేత్తో, చీము పట్టిన మరో సైనికునికి ఆపరేషన్ చేశాడు. విషం రక్తంలోకి ఎక్కింది. పెన్సిలిన్ ఇంకా మందుగా రాలేదు. నవంబరు 12న కన్నుమూశాడు. వయసు 49. ఆయన పేరిట నడిచిన ఆస్పత్రికి 1941లో డైరెక్టరైనవాడు మన షోలాపూరు డాక్టర్ కోట్నీస్.

మా ఇంట్లో కొడవలి తెగితే నాయిన గుడ్డపేలిక చుట్టుకొని పని సాగిస్తాడు. ఆ అలవాటే మా పెదనాన్న కూతురికీ వచ్చింది. అక్క నర్సు. ఒక రాత్రి డ్యూటీలో, వాడిన సూదికి మూత పెట్టబోతే వేలికి గుచ్చుకుంది. తిడతారని ఎవరికీ చెప్పలే. నాలుగు రోజులకు నాకు చెప్పింది. హెచ్.ఐ.వి. రాకుండా వేసుకునే మందు 72 గంటల లోపే మొదలుపెట్టాలి, గంటల్లోనైతే ఇంకా మంచిది. ఆ గడువు దాటిపోయింది. పరీక్షలన్నీ అయ్యేదాకా అక్క సరిగా నిద్రపోలేదు. అదృష్టంకొద్దీ ఏమీ కాలేదు.

చెయ్యవలసింది పెద్ద విద్యేం కాదు. వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టొద్దు, గుచ్చుకోని గట్టి డబ్బాలో వెయ్యాలి. కత్తిని చేతికి చెయ్యి కాకుండా ట్రేలో పెట్టి అందించాలి. గుచ్చుకుంటే పిండకుండా సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో కడిగి వెంటనే చెప్పాలి. కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి కి ముందే టీకా ఉంది. ఇవన్నీ అమర్చడం, చెప్పినవాళ్ళను తిట్టకుండా ఉండడం పైవాళ్ళ బాధ్యత.

బెతూన్‌కు గ్లవుజు దొరకలేదు, మందు లేదు. మనకు రెండూ ఉన్నాయి. ఉండి కూడా గాయం దాచుకోవలసి వస్తే, దాన్ని త్యాగమని పొగడడం తప్పు. నవంబరు 12న ఆయన పటానికి దండ వేసే మనం, ఆ రోజే దగ్గరి ఆస్పత్రికి పోయి నర్సులకు గ్లవుజులు, సూదుల డబ్బాలు చాలినన్ని ఉన్నాయా అని అడుగుదాం. ఆయనకు చేయగల నివాళి అదే.